చీకటి గదిలో మెరిసిన అట్ట: రోంట్‌గెన్ ఊళ్ళలో ఆరు రోజులు

నవంబర్ 5, లెన్నెప్

ఎక్స్‌రే టెక్నీషియన్‌గా ముప్పై నాలుగేళ్ళు చేశాను. కనిగిరి, పొదిలి, దర్శి, ఒంగోలు... బదిలీలన్నీ ప్రకాశం జిల్లాలోనే. రిటైరయ్యాక మా అమ్మాయి డ్యూసెల్‌డార్ఫ్ రమ్మని టికెట్లు పంపింది. "ఏం చూస్తావు నాన్నా? పారిస్ దగ్గరే, ఆమ్‌స్టర్‌డామ్ ఇంకా దగ్గర" అంది. నేను ఇంటి దగ్గరే ఒక కాయితం మీద నాలుగు ఊళ్ళ పేర్లు రాసుకుని వచ్చాను. అది చేతికిచ్చాను. లెన్నెప్, గీసెన్, వూర్జ్‌బుర్గ్, హాంబర్గ్. మా ఆవిడ కూడా చూసి, "వీటిలో గుడి ఉన్న ఊరు ఏదైనా ఉందా అండీ?" అని అడిగింది. ఉంది అన్నాను.

ట్రైనింగ్‌లో మా సారు మొదటి రోజు నోట్సు చెప్పి రాయించిన వాక్యం ఇప్పటికీ నోటికి వచ్చు. "1895 నవంబర్ 8న జర్మనీలోని వూర్జ్‌బుర్గ్ నగరమందు ప్రొఫెసర్ రాంట్‌జెన్ యాదృచ్ఛికంగా ఎక్స్ కిరణాలను కనుగొనెను." పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న. తేదీ, ఊరు, పేరు రాస్తే ఒకటిన్నర. 'యాదృచ్ఛికంగా' అన్న మాట కూడా పడితే మిగిలిన అర. నేను రాశాను, రెండు మార్కులూ వచ్చాయి. కానీ ఉద్యోగంలో చేరి రోజుకి నలభై, యాభై ఫిల్ములు కడగడం మొదలుపెట్టాక ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. డార్క్‌రూమ్‌లో అనుకోకుండా జరిగేవి ఎన్నో. ఫిల్ము మీద వేలిముద్ర పడుతుంది. ఎక్కడో వెలుతురు తగిలి మూల నల్లబడుతుంది. గోరు గీసుకుంటుంది. అప్పుడు మేమేం చేస్తాం? పక్కన పడేసి ఇంకో ఫిల్ము తీస్తాం. ఆయన పక్కన పడెయ్యలేదు. ఎందుకు పడెయ్యలేదో ఆ గదిలో నిలబడి ఆలోచించాలని నా కోరిక.

డ్యూసెల్‌డార్ఫ్ నుంచి జోలింగెన్, అక్కడ చిన్న బండికి మారితే లెన్నెప్. దారిలో వుప్పర్ నది లోయ మీద ఉక్కు వంతెన వస్తుంది. ఎత్తు 107 మీటర్లు. జర్మనీలో ఇంతకంటే ఎత్తయిన రైలు వంతెన లేదు. 1897లో కట్టారు. మా ఆవిడ కళ్ళు మూసుకుని నా చెయ్యి పట్టుకుంది. నేను కిందికి చూశాను. ఆకులు రాలే కాలం, లోయంతా రాగి చెంబు రంగులో ఉంది.

లెన్నెప్ ఇప్పుడు రెమ్‌షైడ్ నగరంలో కలిసిపోయింది గానీ పాత ఊరు అలాగే గుండ్రంగా, రాళ్ళు పరిచిన సందులతో ఉంది. ఇళ్ళ గోడలకి నల్లటి పలక రాయి పెంకుల్లా పేర్చి కొట్టారు. తెల్లటి కిటికీ చట్రాలు, ఆకుపచ్చ తలుపులు. మార్కాపురం పలకలు చూస్తూ పెరిగిన నాకు ఆ రాయిని ముట్టుకోకుండా ఉండబుద్ధి కాలేదు. తడిసి చల్లగా ఉంది, మా బడి పలక తడిగుడ్డతో తుడిచినప్పుడు ఉన్నట్టే.

గెన్సెమార్క్ట్, అంటే బాతుల సంత. అందులో 1వ నంబరు ఇల్లు. 1845 మార్చి 27న విల్‌హెల్మ్ కాన్రాడ్ రోంట్‌గెన్, మా సారు నోట్సులోని ఆ రాంట్‌జెన్, ఇక్కడే పుట్టాడు. తండ్రిది బట్టల వ్యాపారం, తల్లిది ఆమ్‌స్టర్‌డామ్. ఒక్కడే బిడ్డ. మూడేళ్ళ వయసులో, 1848లో, కుటుంబం హాలండ్‌లోని ఆపెల్‌డోర్న్‌కి వెళ్ళిపోయింది. కాబట్టి ఈ ఇల్లు ఆయనకి గుర్తుండి ఉండదు. అయినా ఊరు ఆయన్ని గుర్తుంచుకుంది. నాలుగడుగుల దూరంలో 1932 నుంచి ఆయన పేరు మీద మ్యూజియం నడుస్తోంది.

మ్యూజియంలో బడిపిల్లలు గుంపుగా ఉన్నారు. గాజు గొట్టాలు, తీగ చుట్టల పెట్టెలు, చక్రాలున్న పాత యంత్రాలు. వాటిలో కొన్నిటి పోలికలు నేను వాడిన మొదటి మిషన్‌లో ఉన్నాయి. అయితే నన్ను ఎక్కువసేపు ఆపింది యంత్రం కాదు, ఆయన చదువు కథ. ఊట్రెక్ట్ టెక్నికల్ స్కూల్లో ఎవరో కుర్రాడు మాస్టారి బొమ్మని వెక్కిరింతగా గీశాడు. గీసింది రోంట్‌గెన్ కాదు. ఎవరు గీశారో చెప్పమన్నారు, చెప్పలేదు. బడి నుంచి పంపేశారు. దాంతో యూనివర్సిటీలో చేరడానికి కావలసిన సర్టిఫికెట్ చేతికి రాలేదు. ఒక్క పేరు చెబితే పోయేది. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఆ ఒక్క పేరు నోట్లోనే ఉంచుకున్నాడు.

ఆ సర్టిఫికెట్ అడగకుండా ప్రవేశ పరీక్షతో చేర్చుకునే జూరిక్ పాలిటెక్నిక్‌లో 1865లో చేరాడు. మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తి చేసి, 1869లో డాక్టరేట్ తీసుకున్నాడు. ప్రొఫెసర్ ఆగస్ట్ కుంట్ ఆయన్ని భౌతికశాస్త్రం వైపు తిప్పాడు. ఆ గురువుతో పాటే 1870లో వూర్జ్‌బుర్గ్ వెళితే, ఆ బడి సర్టిఫికెట్ లేదన్న కారణంతో అక్కడి యూనివర్సిటీ పాఠం చెప్పే అర్హత ఇవ్వలేదు. ఆ ఊరి పేరు గుర్తుంచుకోండి.

నవంబర్ 6, డ్యూసెల్‌డార్ఫ్

రోజంతా వాన. ఇంట్లోనే ఉన్నాం. కింది వాటా వాళ్ళ అబ్బాయి సైకిల్ మీంచి పడి చేతికి కట్టుతో మెట్ల మీద ఎదురయ్యాడు. అమ్మాయితో ఏదో చెబుతుంటే మధ్యలో 'రోంట్‌గెన్' అన్న మాట వినపడి ఆగిపోయాను. ఏమంటున్నాడని అడిగాను. "ఎక్స్‌రే తీశారంటున్నాడు నాన్నా. ఇక్కడ ఎక్స్‌రే అనరు, రోంట్‌గెన్ చేశారు అంటారు" అంది. పదేళ్ళ పిల్లవాడి నోట్లో ఆ పేరు అన్నం, నీళ్ళు అన్నట్టు దొర్లుతోంది. ఆయన మాత్రం తన పేరు పెట్టుకోలేదు. ఏమిటో తెలియనిదానికి లెక్కల్లో వాడే ఎక్స్ పెట్టాడు, చివరిదాకా ఆ మాటే వాడాడు.

సాయంత్రం మా ఆవిడ పులిహోర కలిపింది, రేపటి ప్రయాణానికి.

నవంబర్ 7, గీసెన్

గీసెన్‌లో బండి దిగేసరికి పదకొండు. పాత శ్మశానం ఊరి మధ్యనే, పెద్ద చెట్ల కింద తోటలా ఉంది. రాళ్ళ మీద నాచు, దారి నిండా పసుపు ఆకులు. రోంట్‌గెన్ 1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్‌లో పేగు క్యాన్సర్‌తో పోయాడు. డెబ్భై ఏడేళ్ళు. చితాభస్మం మాత్రం ఇక్కడికి తెచ్చారు. తల్లిదండ్రులు, భార్య బెర్తా, ఆయన, అందరూ ఒకే చోట ఉన్నారు.

ఎందుకు గీసెన్? 1879 నుంచి 1888 దాకా, తొమ్మిదేళ్ళు ఇక్కడ ప్రొఫెసర్‌గా ఉన్నాడు. అమ్మానాన్నలు కూడా ఇక్కడికే వచ్చారు. పిల్లలు లేని ఆ దంపతులు 1887లో బెర్తా సోదరుడి కూతుర్ని, ఆరేళ్ళ పిల్లని, ఇక్కడ ఉండగానే పెంచుకున్నారు. మిగతా ఊళ్ళు ఆయన ఉద్యోగం చేసిన ఊళ్ళు. ఇది ఇల్లు.

మా ఆవిడ సమాధి ముందు చెప్పులు విడిచింది. చలిలో వద్దని వారించబోయి ఊరుకున్నాను.

బెర్తా జూరిక్‌లో పూటకూళ్ళ ఇల్లు లాంటి ఒక సారాయి దుకాణం యజమాని కూతురు. ఆయనకంటే ఆరేళ్ళు పెద్ద. 1872లో పెళ్ళయింది. 1919లో ఆవిడ పోయింది. ఆ తర్వాత ఆయనకి మిగిలింది మూడేళ్ళ చిల్లర. యుద్ధం తర్వాత ధరలు పెరిగి పెరిగి డబ్బుకి విలువ లేకుండా పోయింది, దాచుకున్నదంతా కరిగిపోయింది. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ ఆయనకే వచ్చింది. ఆ సొమ్ము మొత్తం వూర్జ్‌బుర్గ్ యూనివర్సిటీకి రాసిచ్చాడు. పాఠం చెప్పడానికి పనికిరావన్న ఆ యూనివర్సిటీకే. పేరు ముందు 'ఫాన్' తగిలించుకునే దొరతనం ఇస్తామంటే వద్దన్నాడు. కిరణాలకి పేటెంటు తీసుకోలేదు.

పేటెంటు సంగతి దగ్గర నేను చాలాసేపు ఆలోచించాను. 1896లో ఆ వార్త తెలిసిన నెలల్లోనే ఎన్నో దేశాల డాక్టర్లు విరిగిన ఎముకలు, లోపల ఇరుక్కున్న తూటాలు చూడగలిగారు. గాజు గొట్టం, తీగ చుట్ట, కరెంటు ఉన్నవాడెవడైనా సొంతంగా అమర్చుకోగలిగాడు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ రుసుము కట్టక్కర్లేదు. పొదిలిలో నా దగ్గరికి ఎడ్లబండి మీద వచ్చిన కూలి మనిషికి ఆ పూట కాలు ఫోటో ఉచితంగా దొరకడానికి ఎన్నో కారణాలున్నాయి. మొదటి కారణం ఈ మట్టిలో ఉంది.

తన కాయితాలు, ఉత్తరాలు పోయిన తర్వాత కాల్చెయ్యమని రాసి పెట్టాడు. కాల్చేశారు. అందుకే 1895 నవంబర్ 8 సాయంత్రం ఏం జరిగిందో నిమిషం నిమిషం చెప్పగల పుస్తకం ఎవరి దగ్గరా లేదు.

చీకటి పడ్డాక వూర్జ్‌బుర్గ్ చేరాం.

నవంబర్ 8, వూర్జ్‌బుర్గ్

ఈ తేదీన ఇక్కడ ఉండాలనే రోజులు లెక్క వేసుకున్నాను. 1895లో ఇది శుక్రవారం.

స్టేషన్ నుంచి నడిచే దూరమే. అప్పట్లో ఆ వీధి పేరు ప్లైషెర్‌రింగ్, ఇప్పుడు రోంట్‌గెన్‌రింగ్. 8వ నంబరు అప్పటి ఫిజిక్స్ ఇన్‌స్టిట్యూట్. కింద ప్రయోగశాల, పైన ప్రొఫెసర్ గారి కాపురం. 1888లో ఆయన్ని పిలిచి మరీ ప్రొఫెసర్‌ని చేశారు, 1894లో యూనివర్సిటీకి పెద్దగా కూర్చోబెట్టారు. ఇప్పుడది ఒక సాంకేతిక కళాశాలది. టికెట్ లేదు. లోపల విద్యార్థులు పుస్తకాలు పట్టుకుని అటూ ఇటూ పోతున్నారు, మేం ఆ గది ముందు నిలబడ్డాం.

బల్ల. తీగ చుట్ట. గాజు గొట్టం. అంతే.

ఆ రోజుల్లో ఐరోపాలో చాలామంది చేసే పనే ఆయనా చేస్తున్నాడు. గాలి దాదాపు తీసేసిన గాజు గొట్టంలోకి ఎక్కువ ఓల్టేజి పంపితే కేథోడ్ కిరణాలు పుడతాయి, గొట్టం మెరుస్తుంది. ఆ మెరుపు కంటికి అడ్డం కాకూడదని గొట్టానికి నల్లటి అట్ట చుట్టాడు. గది చీకటి చేశాడు. అట్ట సందుల్లోంచి వెలుతురు కారుతోందేమో చూడ్డానికి కరెంటు వదిలాడు. కారలేదు. కానీ కాస్త దూరంలో, బల్ల మీద పెట్టిన ఇంకో అట్ట, కిరణాలు తగిలితే మెరిసే బేరియం ప్లాటినోసయనైడ్ పూసినది, మెరిసింది. కేథోడ్ కిరణాలు గాలిలో కొన్ని సెంటీమీటర్లకి మించి పోలేవు. రెండు మీటర్ల దూరంలో పెట్టినా ఆ అట్ట మెరుస్తూనే ఉంది. అంటే అక్కడికి చేరుతున్నది వేరే ఏదో.

ఆ మెరుపు ఎంత బలహీనంగా ఉంటుందో నాకు తెలుసు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో బేరియం మీల్ పరీక్ష, అంటే బేరియం కలిపిన ద్రవం తాగించి కడుపు చూడ్డం, చీకటి గదిలోనే చేసేవాళ్ళం. డాక్టరుగారు ముందుగా పావుగంట, ఇరవై నిమిషాలు ఎర్ర కళ్ళజోడు పెట్టుకుని కూర్చునేవారు, కళ్ళు చీకటికి అలవాటు పడాలి కదా. తర్వాత లోపలికొచ్చి కళ్ళజోడు తీస్తే, స్క్రీన్ మీద ఆకుపచ్చ, పసుపు కలిసిన పల్చటి వెలుగు. అందులో కడుపు కదిలేది. గది తలుపు ఎవరైనా వేలెడంత తీశారా, ఆ వెలుగు కనబడదు. కొత్తలో నేను ఎంత చూసినా ఏమీ కనబడేది కాదు. "చూడ్డం కాదయ్యా, కాసేపు ఉండు" అనేవారు డాక్టరుగారు.

కాసేపు ఉండు. రోంట్‌గెన్ ఏడు వారాలు ఉన్నాడు. తిండి ప్రయోగశాలకే తెప్పించుకున్నాడు, పడకా అక్కడే. భార్యకి కూడా విషయం చెప్పలేదు. చేతికి దొరికినదల్లా గొట్టానికీ ఆ మెరిసే అట్టకీ మధ్య పెట్టాడు. వెయ్యి పేజీల పుస్తకం పెట్టాడు, దాటుకుని వచ్చింది. రెండు పేకముక్కల కట్టలు పెట్టాడు, వచ్చింది. చెక్క దిమ్మలు, రబ్బరు, అల్యూమినియం రేకు. 1.5 మి.మీ. సీసం పెడితే ఆగింది. ఆ సంఖ్య చదివినప్పుడు నా ఒళ్ళు ఝల్లుమంది. మా ఎక్స్‌రే గది తలుపు లోపల పరిచిన సీసపు రేకుకి, మేం కట్టుకునే లెడ్ ఏప్రాన్‌కి పుట్టిల్లు ఆ ఒక్క వాక్యం.

ఆయన్ని కాపాడిందీ ఆ లోహమే. ఫోటో ప్లేట్లు చెడిపోకుండా ఉండాలని జింకు రేకుతో మనిషి పట్టేంత పెట్టె చేయించి, గొట్టం వైపు సీసం చేర్చి, అందులో ఉండి పని చేశాడు. ప్లేట్ల కోసం కట్టుకున్న గోడ మనిషికి అడ్డుగా నిలబడింది. కిరణాలు చర్మాన్ని కాలుస్తాయని అప్పటికి భూమ్మీద ఎవరికీ తెలియదు.

ఇక ఆ 'యాదృచ్ఛికంగా' మాట. అదే గొట్టం ఎంతోమంది దగ్గర ఉంది. లండన్‌లో క్రూక్స్ అనే శాస్త్రవేత్త తన గొట్టాల దగ్గర ఉంచిన ప్లేట్లు ఊరికే మసకబారుతున్నాయని, సరుకు బాగాలేదని తిప్పి పంపాడంటారు. అమెరికాలో ఫిలడెల్ఫియాలో గుడ్‌స్పీడ్ అనే ప్రొఫెసర్ ప్లేటు మీద 1890 ఫిబ్రవరి 22న రెండు గుండ్రటి నీడలు పడ్డాయి. అవి ఏమిటో అర్థం కాక పక్కన పెట్టారు. ఆరేళ్ళ తర్వాత రోంట్‌గెన్ వార్త విన్నాక వెతికి తీసి చూస్తే అది ఎక్స్‌రే. అనుకోకుండా జరగడం ముగ్గురికీ జరిగింది. ఇద్దరూ నేను చేసిన పనే చేశారు, పక్కన పడేశారు.

ఒక విలేఖరి తర్వాత ఆయన్ని అడిగాడు, ఆ మెరుపు చూసినప్పుడు ఏమనుకున్నారని. "అనుకోలేదు, పరిశోధించాను" అన్నాడు.

మా సారు ఆ మాటకి అర మార్కే పెట్టారు. సరిగ్గానే పెట్టారు.

డిసెంబర్ 22న బెర్తాని కిందికి పిలిచాడు. ప్లేటు మీద చెయ్యి పెట్టించి పావుగంట కదలకుండా ఉంచాడు. ఆ చెయ్యి బొమ్మ నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. పాఠ్యపుస్తకం మొదటి పేజీలో, కంపెనీ క్యాలెండర్లలో, మా డిపార్ట్‌మెంట్ గోడ మీద. ఇక్కడ గోడ మీద చూస్తుంటే మా ఆవిడ పక్కనుంచి అంది: "ఉంగరం తియ్యమనలేదు చూడండి ఆయన. మీరైతే తీయించేవారు."

నిజమే, తీయించేవాణ్ణి. బొమ్మలో లోహం పడితే దాని వెనకున్నది కనబడదు. ఛాతీ ఎక్స్‌రేకి వచ్చిన ఆడవాళ్ళతో ముప్పై నాలుగేళ్ళు ఇదే మాట: "తాళి తీసి పక్కన పెట్టు తల్లీ." సగం మంది తీసేవారు కాదు. తీస్తే ఏమవుతుందోనని కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. చివరికి పుస్తెలు వెనక్కి వేసుకుని వీపు మీద కాకుండా భుజం పైకి లాగి పట్టుకోమనేవాణ్ణి. కొందరు పసుపు తాడు మెడకి కట్టుకుని అప్పుడు గొలుసు తీసేవారు. వచ్చిన ఫిల్ములో ఒక్కోసారి ఊపిరితిత్తి మూల రెండు చిన్న గుండ్రటి నీడలు పడేవి. డాక్టరుగారు చూసి "పుస్తెలా?" అనేవారు. అవును సార్.

బెర్తా చేతికి ఆ ఉంగరం లేకపోతే అది ఎవరి ఎముకలైనా కావచ్చు. ఉంగరం ఉంది గనుక అది ఒకరి భార్య చెయ్యి. ఆవిడ ఆ బొమ్మ చూసి తన చావు తనకి కనబడిందన్నదని చెప్పుకుంటారు. మా దగ్గరికి వచ్చినవాళ్ళలో తమ ఎముకల బొమ్మ లైటు మీద పెట్టినప్పుడు ముఖం తిప్పుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు ఆవిడ మాట అర్థమవుతుంది.

ఆ తర్వాత అంతా వేగంగా జరిగింది. డిసెంబర్ 28న 'ఒక కొత్త రకం కిరణాల గురించి' అనే చిన్న వ్యాసం ఊళ్ళోని భౌతిక వైద్య సంఘానికి ఇచ్చాడు. కొత్త సంవత్సరం రోజున ప్రతులు, ఫోటోలు స్నేహితులకి పోస్టులో వేశాడు. జనవరి 5న వియన్నా పత్రికలో వార్త వచ్చింది. 13న బెర్లిన్‌లో చక్రవర్తికి చూపించాడు. 23న ఇక్కడే, ఈ భవనంలోనే, జనం ముందు మాట్లాడాడు. శరీర నిర్మాణశాస్త్రంలో పేరు మోసిన డెబ్భై ఎనిమిదేళ్ళ కొల్లికర్ లేచి చెయ్యి చాచాడు. అక్కడికక్కడే ఆ చేతి ఎముకల ఫోటో తీశారు. ఇకనుంచి వీటిని రోంట్‌గెన్ కిరణాలందాం అన్నది ఆ పెద్దాయనే.

మేం బయటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు. మా ఆవిడ గుమ్మం దగ్గర ఆగి దణ్ణం పెట్టుకుంది. సాయంత్రం మైన్ నది పాత వంతెన మీద జనంతో పాటు నిలబడ్డాం, రాతి విగ్రహాల మధ్య. 1945 మార్చి 16న బాంబులు ఈ ఊరిని దాదాపు పూర్తిగా కాల్చేశాయి. ఇప్పుడు చూస్తే నమ్మలేం. పెద్ద రాజప్రాసాదం కూడా ఉంది, లోపలికి పోలేదు. మనసు నిండిపోయింది, ఇంకేమీ పట్టదు.

నవంబర్ 9, రైల్లో

వూర్జ్‌బుర్గ్ నుంచి హాంబర్గ్‌కి నేరుగా బండి. కిటికీలోంచి పొలాలు, గాలిమరలు.

నేను మొదట పనిచేసిన ఆసుపత్రి పేరు రాయను. ఒకే ఒక లెడ్ ఏప్రాన్, మడతల దగ్గర పగుళ్ళు. రేడియేషన్ కొలిచే బ్యాడ్జి ఆరేళ్ళు ఇవ్వలేదు. అడిగితే బడ్జెట్ లేదనేవారు. చంటిపిల్లలకి ఎక్స్‌రే తియ్యాలంటే ఎవరో పట్టుకోవాలి. తల్లి భయపడితే నేనే పట్టుకునేవాణ్ణి. నాకు పని నేర్పిన పెద్దాయన వేళ్ళ చర్మం ఎండిపోయి పగిలి ఉండేది, గోళ్ళు నల్లగా గీతలు పడి ఉండేవి. అది కిరణాల వల్లో, ఏళ్ళ తరబడి ఫిల్ములు కడిగే మందుల్లో, డెవలపర్‌లో, హైపోలో ముంచిన చేతులు కావడం వల్లో నేను చెప్పలేను. ఎండాకాలం డెవలపర్ వేడెక్కి ఫిల్ములు పాడవకుండా ట్యాంకు చుట్టూ ఐసు గడ్డలు పేర్చేది కూడా ఆ చేతులే.

ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ అనే అతను ఎక్స్‌రే గొట్టాలు పరీక్షించడానికి తన చేతులే అడ్డం పెట్టేవాడు. రెండు చేతులూ తీసేశారు, 1904లో చనిపోయాడు. ఎడిసన్ ఆ పని మానేశాడు. వూర్జ్‌బుర్గ్‌లో జింకు పెట్టెలో ఉన్నాయన బతికాడు. పెట్టె బయట ఉన్నవాళ్ళ కోసమే నేను రేపటి ఊరు రాసుకున్నాను.

నవంబర్ 10, హాంబర్గ్

సెయింట్ జార్జ్ ఆసుపత్రి ఆవరణలో, చెట్ల మధ్య, ఒక రాతి స్తంభం. ఎక్స్‌రే, రేడియం పనుల్లో ప్రాణాలు పోయినవాళ్ళ జ్ఞాపకం. 1936లో జర్మన్ రోంట్‌గెన్ సంఘం నిలబెట్టింది. అప్పుడు పదిహేను దేశాల నుంచి 169 పేర్లు. 1959 నాటికి 359 అయ్యాయి, స్తంభం చాలక పక్కన రాళ్ళు చేర్చారు. ఇది ఎవరికి అంకితమో చెక్కిన వరుసలో డాక్టర్లు, భౌతికశాస్త్రవేత్తల తర్వాత టెక్నీషియన్లు, ప్రయోగశాల పనివాళ్ళు, నర్సులు కూడా ఉన్నారు. అమ్మాయి చదివి చెబుతుంటే 'టెక్నీషియన్లు' అన్న చోట మళ్ళీ చదవమన్నాను.

నేను వెతికిన పేరు ఆల్బర్స్ షోన్‌బర్గ్. ఈ ఆసుపత్రి డాక్టరే. కిరణాల వల్ల ఎడమ చెయ్యి పోయింది, కుడి చేతి వేలు పోయింది, అయినా పని మానలేదు. 1921లో చనిపోయాడు. ఆయన పేరు నాకు మా రేడియాలజిస్టు గారి వల్ల తెలుసు. ఎముకలు పాలరాయిలా గట్టిపడే ఒక జబ్బుని ఆయన 1904లో ఎక్స్‌రే ఫిల్ములో గుర్తించాడు. దానికి ఆయన పేరే ఉంది. దర్శిలో ఉన్నప్పుడు ఒక నడుము ఫిల్ము లైటు మీద పెడితే వెన్నెముక సుద్దముక్కంత తెల్లగా వచ్చింది. ఇది ఆల్బర్స్ షోన్‌బర్గా అని నేను అడిగాను, పుస్తకంలో చదివిన ఉత్సాహం. డాక్టరుగారు తల అడ్డంగా ఊపారు. "ఇది ఈ ఊరి నీళ్ళు" అన్నారు.

ఫ్లోరోసిస్. మా దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా. నీళ్ళలో ఫ్లోరైడు వల్ల అక్కడి జనం ఎముకలు బిగుసుకుపోతున్నాయని 1937లో డాక్టర్లు మొదటిసారి ప్రచురించారు. వంగిన నడుము ఎప్పటినుంచో అందరికీ కనబడుతోంది. కర్మ అనుకున్నారు, గాలి సోకిందనుకున్నారు. లోపల ఏమైందో చూపించింది ఫిల్ము. మామూలు నడుముకి వేసే ఎక్స్‌పోజర్ ఆ ఎముకలకి చాలేది కాదు, పెంచి వెయ్యాల్సి వచ్చేది. నలభై ఏళ్ళకే మెడ తిప్పలేని రైతులు బల్ల మీద వెల్లకిలా పడుకోలేక పక్కకి ఒరిగి ఉండేవారు. "కదలకు పెద్దాయనా, ఊపిరి బిగబట్టు" అంటే, "కదల్లేకే కదయ్యా నీకాడికొచ్చింది" అన్నాడొకాయన. ఆ గొంతు ఈ రాయి ముందు వినబడింది.

వేళ్ళతో పేర్లు తడుముతూ చుట్టూ తిరిగాను. సన్నగా జల్లు మొదలైంది. అమ్మాయి గొడుగు విప్పింది. నాకు పని నేర్పిన పెద్దాయన పేరు ఇక్కడ ఉండదు, ఉండాలని నేను వాదించలేను. ఆ పేరు మనసులో ఒకసారి అనుకున్నాను.

ఆసుపత్రి వెనక తలుపు తెరుచుకుని తెల్ల దుస్తుల్లో ఒక అమ్మాయి కాఫీ కప్పుతో బయటికి వచ్చింది. చొక్కా జేబుకి చిన్న ప్లాస్టిక్ బిళ్ళ క్లిప్పుతో వేలాడుతోంది. దూరం నుంచే పోల్చుకున్నాను. దగ్గరికి వెళ్ళి దాన్ని చూపిస్తూ "రోంట్‌గెన్?" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి తలూపింది. నేను నా గుండె మీద చెయ్యి పెట్టుకుని "నేనూ రోంట్‌గెన్. ఇండియా. ముప్పై నాలుగేళ్ళు" అన్నాను. మా అమ్మాయి జర్మన్‌లో చెప్పింది. నా బ్యాడ్జి గురించి, ఆ ఆరేళ్ళ గురించి కూడా చెప్పమన్నాను. చెప్పింది.

ఆ అమ్మాయి కప్పు గోడ మీద పెట్టి, జేబుకున్న బిళ్ళ తీసి నా అరచేతిలో ఉంచింది. బరువే లేదు. తిప్పి చూశాను. వెనక నెల పేరు అచ్చు వేసి ఉంది, నవంబర్.